బరువు తగ్గించే మందులు: మొదటి డోసు నుంచి ఆపే రోజు దాకా

బరువు తగ్గడం మొదలవగానే శరీరం ఎదురుతిరుగుతుంది. కొవ్వు కరిగేకొద్దీ ఆకలిని అణిచే హార్మోన్ లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలు కూడా తగ్గుతాయి. తిండి తగ్గించుకున్న మనిషికి నాలుగో నెలలో ఆకలి మరీ ఎక్కువ కావడానికి కారణం ఇదే, దాన్ని మనోబలం లేకపోవడం అనుకోకూడదు. డాక్టరు రాసే మందుల్లో చాలావరకు ఈ ఎదురుదాడిని అణిచిపెట్టి ఉంచుతాయి. అదీ ఒంట్లో మందు ఉన్నంతకాలమే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే డోసు ఎందుకు మెల్లగా పెంచాలో, కండను ఎందుకు కాపాడుకోవాలో, ఉన్నట్టుండి ఎందుకు ఆపకూడదో అన్నీ దానంతట అవే అర్థమవుతాయి.

ఎవరికి రాస్తారు

సాధారణంగా బీఎంఐ 30 లేదా అంతకు మించి ఉన్నవాళ్లకి రాస్తారు. 27 లేదా ఆపైన ఉండి, బీపీ, షుగరు, కొలెస్టరాల్, నిద్రలో ఊపిరి ఆగడం లాంటి బరువుతో ముడిపడ్డ జబ్బు ఏదైనా ఉన్నవాళ్లకి కూడా. బీఎంఐ అంటే కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించగా వచ్చే అంకె. 85 కిలోల బరువు, 1.65 మీటర్ల ఎత్తు ఉంటే 31.2 వస్తుంది. దక్షిణాసియా మూలాలున్నవాళ్లకి ఇంతకన్నా తక్కువ బీఎంఐ దగ్గరే షుగరు మొదలవుతుంది కాబట్టి డాక్టర్లు ఆ గీతను కొంచెం కిందికి జరుపుతారు. పెళ్లికి ముందు నాలుగైదు కిలోలు తగ్గడానికి ఈ మందులు వాడకూడదు. అక్కడ వచ్చే లాభం చిన్నది, ప్రమాదం మాత్రం తగ్గదు.

మొదటి డోసుకు ముందు తేల్చుకోవాల్సినవి

ముందుగా, ఇప్పటికే వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. బరువు పెంచే మందులు చాలా ఉన్నాయి: ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి సల్ఫొనైల్‌యూరియాలు, ప్రెడ్నిసొలోన్, ఒలాంజపైన్, మిర్టాజపైన్, వాల్‌ప్రోయేట్, ప్రెగాబాలిన్, కొన్ని బీటా బ్లాకర్లు. వీటిలో ఒకదాన్ని బరువు పెంచని మందుతో మార్చగలిగితే కొత్త మందు పని సగం తేలికవుతుంది. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. ముఖ్యంగా మూర్ఛ మందులు, మానసిక వైద్యం మందులు, స్టెరాయిడ్లు.

రక్తపరీక్షల్లో మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీ, లివర్ పనితీరు, థైరాయిడ్, కొలెస్టరాల్ చూడాలి. షుగరు ఉన్నవాళ్లు కంటి వెనక పొర కూడా చూపించుకోవాలి. షుగరు చాలా వేగంగా దిగితే అప్పటికే దెబ్బతిన్న రెటీనా కొంతకాలం ఇంకా చెడవచ్చు.

తర్వాత మీ జబ్బుల చరిత్ర. సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనే మూడు ఇంజెక్షన్ మందులూ మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ మీకు గానీ మీ రక్తసంబంధీకులకి గానీ ఉంటే, లేదా మెన్ 2 అనే వంశపారంపర్య జబ్బు ఉంటే వాడకూడదు. గతంలో పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినా, కడుపు సరిగా ఖాళీ కాని జబ్బు తీవ్రంగా ఉన్నా తప్పక చెప్పాలి. గర్భం ధరించే ఆలోచన ఉంటే సెమాగ్లూటైడ్‌ను కనీసం 2 నెలల ముందే ఆపాలి, ఎందుకంటే అది ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి 5 నుంచి 7 వారాలు పడుతుంది.

ఆకలి ఉన్నా లేకపోయినా ఆపుకోలేక తినేయడం, తిన్నది కక్కేయడం వంటి ఇబ్బంది ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. మందు ఎంపిక దాన్నిబట్టి పూర్తిగా మారిపోతుంది.

ఏ మందు ఎవరికి

ఓర్లిస్టాట్ మిగతావాటికన్నా వేరు. ఇది ఆకలిని ముట్టుకోదు, పేగులో కొవ్వును జీర్ణం చేసే ఎంజైమును అడ్డుకుని, తిన్న కొవ్వులో సుమారు 30 శాతాన్ని బయటికి పంపేస్తుంది. 120 మి.గ్రా. మాత్ర రోజుకు మూడుసార్లు, కొవ్వున్న భోజనంతో పాటు లేదా తిన్న గంటలోపు. భోజనం మానేస్తే, లేదా అందులో కొవ్వే లేకపోతే ఆ పూట మాత్ర అక్కర్లేదు. కొవ్వు ఎక్కువగా తిన్న రోజు నూనెలాంటి విరేచనం, ఆపుకోలేని తొందర తప్పవు. తిండిలో కొవ్వు ఎక్కువైందని శరీరం చెప్పడమే అది. ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా కొవ్వుతో పాటు పోతాయి కాబట్టి మల్టీవిటమిన్ పడుకునే ముందు, ఓర్లిస్టాట్‌కు కనీసం 2 గంటల ఎడంగా వేసుకోవాలి. థైరాక్సిన్ మాత్రకైతే 4 గంటల ఎడం కావాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ చూపించుకోవాలి.

నాల్‌ట్రెక్సోన్, బుప్రోపియోన్ కలిపిన మాత్ర తినాలన్న కోరికను మెదడు దగ్గర తగ్గిస్తుంది. ఒక్కో మాత్రలో 8, 90 మి.గ్రా. ఉంటాయి. మొదటి వారం పొద్దున ఒకటి, రెండో వారం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మూడో వారం పొద్దున రెండు, సాయంత్రం ఒకటి, నాలుగో వారం నుంచి పూటకు రెండు. మాత్రను కొరకకూడదు, విరవకూడదు. కొవ్వెక్కువ భోజనంతో వేసుకుంటే రక్తంలో మందు మోతాదు పెరిగి ఫిట్స్ ప్రమాదం తెస్తుంది. మూర్ఛ, అదుపులో లేని బీపీ, బులీమియా (అతిగా తిని కక్కేయడం), అనొరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి మానేయడం) ఉన్నవాళ్లకి ఇది వద్దు. మార్ఫిన్, ట్రమడాల్ జాతి నొప్పి మందులు వాడేవాళ్లకి అస్సలు వద్దు: నొప్పి మందు పనిచేయదు, పైగా ఒక్కసారిగా, అలవాటైన మందు మానేస్తే వచ్చే విత్‌డ్రాయల్ లక్షణాలు మొదలవుతాయి.

ఫెంటర్మిన్ పాతది, 1959 నుంచి ఉంది. పొద్దున పూట, కొద్ది వారాలకే. గుండె జబ్బు, హైపర్‌థైరాయిడ్, గ్లాకోమా ఉంటే పనికిరాదు. దీన్ని టోపిరమేట్‌తో కలిపిన మాత్రను ఎక్కువ కాలం వాడతారు గానీ గర్భంలో బిడ్డకు గ్రహణం మొర్రి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత నెలనెలా గర్భ పరీక్ష చేయించుకోవాలి. అందులో పెద్ద డోసును ఒక్కరోజులో ఆపితే ఫిట్స్ రావచ్చు. కనీసం వారం పాటు రోజు విడిచి రోజు వేసుకుని ఆపాలి.

ఇప్పుడు ఎక్కువగా రాసేది, తిన్నాక పేగు విడుదల చేసే హార్మోనును అనుకరించి ఆకలి తగ్గించే జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లు. లిరాగ్లూటైడ్ రోజూ, సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వారానికోసారి. సెమాగ్లూటైడ్ 2.4 మి.గ్రా. మీద 68 వారాల పరీక్షలో సగటున 14.9 శాతం బరువు తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకి 2.4 శాతం. టిర్జెపటైడ్ 15 మి.గ్రా. మీద 72 వారాల్లో 20.9 శాతం. ఇవి సగటులు. కొందరికి చాలా తక్కువ తగ్గుతుంది, పక్కవాళ్లతో పోల్చుకుని కుంగిపోనక్కర్లేదు.

డోసు మెట్లు: తొందర పనికిరాని చోటు

సెమాగ్లూటైడ్ మెట్లు ఇవి: 0.25 మి.గ్రా. 4 వారాలు, 0.5 నాలుగు వారాలు, 1 నాలుగు వారాలు, 1.7 నాలుగు వారాలు, ఆ తర్వాత 2.4. టిర్జెపటైడ్ 2.5తో మొదలై 4 వారాల తర్వాత 5, అక్కడినుంచి అవసరమైతే కనీసం 4 వారాలకోసారి 2.5 చొప్పున 15 దాకా. లిరాగ్లూటైడ్ 0.6తో మొదలై వారానికి 0.6 చొప్పున 3 దాకా.

ఆ 4 వారాలు ఊరికే పెట్టలేదు. సెమాగ్లూటైడ్ సగం కరగడానికే వారం పడుతుంది. అంటే ఒకే డోసు వారం వారం వేసుకుంటూ పోతే రక్తంలో మందు నాలుగైదు వారాల దాకా పెరుగుతూనే ఉంటుంది. రెండో వారంలో ఏమీ తెలియట్లేదని డోసు పెంచుకున్నవాళ్లు ఐదో వారంలో మంచం పట్టడం ఇందుకే. మొదటి మెట్టు బరువు తగ్గించడానికి పెట్టింది కాదు, పేగులకి అలవాటు చేయడానికి పెట్టింది. మొదటి నెల ముల్లు కదలకపోతే మందు విఫలమైనట్టు కాదు.

మా గట్టి అభిప్రాయం: గరిష్ఠ డోసుకి చేరడం లక్ష్యం కాకూడదు. ఒక మెట్టు మీద ఆకలి అదుపులో ఉండి, బరువు తగ్గుతూ, తిండి సరిగ్గా సహిస్తుంటే అక్కడే ఆగవచ్చని డాక్టరును అడగండి. వికారం తగ్గకపోతే అదే మెట్టు మీద ఇంకో 4 వారాలు ఉండటం, లేదా ఒక మెట్టు దిగడం మామూలే.

వైల్‌లో వచ్చే మందును సిరంజితో తీసుకునేవాళ్లు యూనిట్లు, మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు ఈ మూడిటినీ కలగాపులగం చేయడం వల్ల 5 నుంచి 20 రెట్లు ఎక్కువ వేసుకున్న ఘటనలున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఫార్మసిస్టు చేత మీ డోసు సిరంజి మీద ఏ గీత దాకా వస్తుందో చూపించుకుని, ఆ గీతను కాగితం మీద గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి.

ఇంజెక్షన్ వేసుకోవడం

పొట్ట, తొడ ముందు భాగం, ఇంకొకరు వేస్తే జబ్బ వెనక భాగం. బొడ్డు చుట్టూ 5 సెం.మీ. వదిలేయాలి. ప్రతివారం చోటు మార్చాలి. ఒకేచోట పదే పదే గుచ్చితే చర్మం కింద గడ్డకట్టి మందు సరిగా ఇంకదు. ఫ్రిజ్ నుంచి తీసి కొంచెంసేపు బయట ఉంచితే మంట తక్కువ. మందు రంగు మారినా, మబ్బుగా ఉన్నా వాడకండి.

ఒకే ఇంజెక్షన్ పెన్నులో నాలుగు డోసులుండే రకమైతే ప్రతిసారీ కొత్త సూది బిగించాలి. కొత్త పెన్ను మొదటిసారి తీసినప్పుడు సూది కొన వరకు మందు చుక్క వస్తుందో లేదో చూడాలి. బటన్ నొక్కాక అంకె సున్నాకి వచ్చినా సూదిని వెంటనే లాగేయకూడదు. నెమ్మదిగా 6 లెక్కపెట్టాక తీయాలి, లేకపోతే డోసులో కొంత చర్మం మీదే కారిపోతుంది. అయిపోయాక సూది విప్పేసి గట్టి డబ్బాలో వేయండి. సూది బిగించే పెడితే మందు కారుతుంది, లేదా గాలి లోపలికి వెళ్తుంది. పెన్ను ఇంకొకరితో పంచుకోకూడదు, సూది మార్చినా సరే.

నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఫ్రీజరు గోడకి ఆనించవద్దు, ఒకసారి గడ్డకట్టిన మందు మళ్లీ కరిగినా పారేయాల్సిందే. బయట ఎన్నాళ్లు ఉండవచ్చో మందును బట్టి, పెన్ను రకాన్ని బట్టి మారుతుంది, పెట్టెలోని కాగితం చూసి తీసిన తేదీ పెన్ను మీద రాయండి.

డోసు మరిచిపోతే

సెమాగ్లూటైడ్: తర్వాతి డోసుకి ఇంకా 2 రోజులకి పైగా ఉంటే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, 2 రోజుల్లోపే ఉంటే వదిలేసి మామూలు రోజున వేసుకోండి. టిర్జెపటైడ్: మరిచిపోయి 4 రోజులు దాటకపోతే వేసుకోవచ్చు, దాటితే వదిలేయాలి. టిర్జెపటైడ్ రెండు డోసుల మధ్య ఎప్పుడూ కనీసం 3 రోజుల ఎడం ఉండాలి. లిరాగ్లూటైడ్ మూడు రోజులకి మించి ఆగిపోతే మళ్లీ 0.6 నుంచి మొదలుపెట్టాలి. వారానికోసారి వేసుకునే మందు వరుసగా రెండు మూడుసార్లు తప్పితే పాత డోసు దగ్గర మొదలుపెట్టకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. పేగులు ఈలోగా అలవాటు మరిచిపోయి ఉంటాయి. మరిచిపోయిన దానికి జోడించి రెండు డోసులు ఒకేసారి మాత్రం ఎప్పుడూ వేసుకోకండి.

వికారం, మలబద్ధకం

ఈ మందులతో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పాత లెక్కన పళ్లెం నింపుకుని తింటే పైది దిగేలోపు కిందది అలాగే ఉంటుంది. వికారం, గుండెమంట, కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు అక్కడినుంచే. పళ్లెం సగం చేయండి, 20 నిమిషాలు తీసుకుని తినండి, 'చాలు' అన్న మొదటి సంకేతానికే లేవండి. ఇంకో రెండు ముద్దలే కదా అనుకోవడమే వాంతికి దారి. కొవ్వు కడుపును ఇంకా నెమ్మది చేస్తుంది కాబట్టి డోసు వేసుకున్న మర్నాడు, ఆ తర్వాతి రోజు వేపుళ్లు మానండి. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకండి. ఏ రోజు వికారం ఎక్కువో గమనించి, డోసు రోజును దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

మలబద్ధకానికి కారణం సగం మందు, సగం తక్కువ తినడం, తక్కువ తాగడం. దాహం కూడా తగ్గుతుంది కాబట్టి నీళ్లు గుర్తుపెట్టుకుని తాగాలి. పీచు ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వస్తుంది, మెల్లగా పెంచండి. మూడు రోజులు విరేచనం కాకపోతే ఫార్మసిస్టు లేదా డాక్టరు చెప్పిన మెత్తబరిచే మందు వాడండి.

కండ కరగకుండా

తగ్గే బరువంతా కొవ్వే కాదు, అందులో కండ కూడా ఉంటుంది. ఆకలి లేని మనిషి మొదట వదిలేసేది మాంసకృత్తులనే, ఎందుకంటే అవి త్వరగా కడుపు నింపుతాయి. అందుకే పళ్లెంలో ముందు వాటినే తినాలి: గుడ్లు, చేప, మాంసం, పెరుగు, పప్పుధాన్యాలు, సోయా. రోజుకు కిలో బరువుకు 1.2 గ్రాముల నుంచి 1.5 గ్రాముల దాకా లెక్క వేసుకోవచ్చు. అధిక బరువు ఉన్నవాళ్లు ఇప్పటి బరువుకి కాకుండా చేరాలనుకున్న బరువుకి లెక్కిస్తే ఆచరణకు అందుతుంది: 70 కిలోల లక్ష్యానికి 84 నుంచి 105 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ అంకెను డాక్టరుతోనే తేల్చుకోవాలి.

తిండి ఒక్కటే సరిపోదు. వారానికి రెండు మూడు రోజులు కండకు బరువు పడే వ్యాయామం కావాలి: కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, గోడకు ఆని చేసే దండీలు, సాగే రబ్బరు పట్టీలు, బరువులు. నడక గుండెకు మంచిదే గానీ భుజాల కండను అది నిలబెట్టదు. మెట్లెక్కడం మునుపటికన్నా కష్టమైతే, సీసా మూత తిప్పలేకపోతే బరువు ఎంత తగ్గిందో చూసి సంతోషించకుండా తిండి లెక్క మళ్లీ చూసుకోండి.

మిగతా మందుల లెక్క మారుతుంది

ఇన్సులిన్ లేదా సల్ఫొనైల్‌యూరియా వాడుతూ ఈ ఇంజెక్షన్లు మొదలుపెడితే షుగరు 70 కిందికి పడిపోవచ్చు. సాధారణంగా మొదటిరోజే వాటి డోసు తగ్గిస్తారు, తగ్గించకపోతే మీరే అడగండి. బరువు తగ్గేకొద్దీ బీపీ మందు ఎక్కువైపోతుంది: లేవగానే కళ్లు తిరిగితే ఇంట్లో బీపీ చూసి రాసుకుని డాక్టరుకి పంపండి. టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్ర ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది, మొదలుపెట్టాక 4 వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ 4 వారాలు ఇంకో రక్షణ వాడాలి. ఆపరేషన్ ఉంటే మత్తుమందు డాక్టరుకి ముందుగానే చెప్పాలి. పరగడుపున ఉన్నా కడుపులో తిండి మిగిలి ఉండి, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి

పొట్ట పైభాగంలో తగ్గకుండా వచ్చి వీపులోకి పాకే నొప్పి పాంక్రియాటైటిస్ కావచ్చు: తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి. కుడి పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం పిత్తాశయంలో రాళ్ల గుర్తులు. వారానికి ఒకటిన్నర కిలోకి మించి తగ్గేవాళ్లలో ఈ రాళ్లు ఎక్కువ. రోజంతా నీళ్లు కూడా నిలవకుండా వాంతులైతే కిడ్నీ దెబ్బతినే లోపే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చూపు ఉన్నట్టుండి మసకబారినా, గొంతులో గడ్డ తగిలినా, మనసు బాగా కుంగిపోయినా చెప్పాల్సిందే. మూడో నెల దగ్గర జుట్టు రాలడం వేగంగా బరువు తగ్గడం వల్ల వచ్చేది, చాలావరకు తిరిగి మొలుస్తుంది.

మూలికలదని చెప్పి అమ్మే స్లిమ్మింగ్ మాత్రలు వీటికి తోడుగా వేసుకోకండి. గుండెపోటు, పక్షవాతం ప్రమాదం వల్ల 2010లో మార్కెట్ నుంచి తీసేసిన సిబుట్రమైన్, పెట్టె మీద పేరు లేకుండా అలాంటి మాత్రల్లో చాలాసార్లు బయటపడింది.

పనిచేస్తోందా, ఎప్పుడు ఆపాలి

వారానికోసారి, పొద్దున లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే తూకం మీద. నడుము కొలత నెలకోసారి: చివరి పక్కటెముకకి, తుంటి ఎముక పై అంచుకి మధ్యలో టేపు, ఊపిరి మామూలుగా వదిలాక. ముల్లు ఆగిపోయిన నెలల్లో కూడా నడుము తగ్గుతూ ఉండవచ్చు.

పూర్తి డోసుకి చేరి 3 నెలలైనా మొదటి బరువులో 5 శాతం కూడా తగ్గకపోతే ఆ మందు మీ ఒంటికి సరిపడలేదు. 90 కిలోలతో మొదలైతే ఆ గీత 4.5 కిలోలు. మందు మార్చమని అడగాలి, అదే మందు మీద ఆశతో ఏడాది గడపకూడదు. ఈ తేదీని మొదలుపెట్టే రోజే క్యాలెండర్‌లో రాసుకోండి.

పనిచేస్తే మరి? ఏడాది, ఏడాదిన్నర దగ్గర బరువు ఒకచోట నిలబడుతుంది. అప్పుడు చాలామంది మందు ఇక పనిచేయట్లేదనుకుని మానేస్తారు. అది ఆ బరువును అక్కడ పట్టి ఉంచుతోంది. సెమాగ్లూటైడ్ ఆపినవాళ్లని ఏడాది పాటు గమనిస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది, బీపీ, షుగరు కూడా వెనక్కి జరిగాయి. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరగడం లాంటిదే ఇది. కాబట్టి ఎన్నాళ్లు కొనగలరు, మందు దొరకకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలు మొదటి నెలలోనే డాక్టరుతో మాట్లాడాలి.

ఆపక తప్పకపోతే మెట్లు దిగుతూ ఆపడం గురించి అడగండి. ఆపిన నెలలోనే వ్యాయామం పెంచండి, మాంసకృత్తుల లెక్క వదలకండి. ఆకలి రెండు మూడు వారాల తర్వాత తిరిగి వస్తుంది, మందు మెల్లగా కరుగుతుంది కాబట్టి మొదటి వారం ఏమీ తెలియదు. తూకం వారానికోసారి చూడటం ఆపకండి. ఆపినప్పటి బరువుకి 3 కిలోలు పెరిగితే డాక్టరును కలవాలని ముందే రాసిపెట్టుకోండి, 15 కిలోలు పెరిగే దాకా ఆగవద్దు.